ఓబుళరెడ్డి సార్ గొంతు

మే 5, మంగళవారం

పొద్దున్నే హేమలత అందరినీ నిలబెట్టి చెప్పింది. మా విత్తనాల కంపెనీ బ్రాంచి మేనేజరు ఓబుళరెడ్డి సార్‌కు వీడ్కోలు సభ పదహారో తేదీ సాయంత్రం. ఊరికే శాలువా, దండ కాదట. అవార్డులు. ఆఫీసులో ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి, నవ్వు పుట్టించేవి, అన్నీ సార్ చేతుల మీదుగా.

"పొయ్యేటాయప్ప మనకిచ్చేదేందమ్మా, మనం గదా ఇయ్యాల్సింది" అన్నాడు అకౌంట్స్ మస్తాన్. హేమలత వినే రకమా. ఇట్లాంటిది టీవీలో చూసిందట, బాగుందట.

మస్తాన్‌కు 'రేపు రా' అవార్డు. బిల్లు తెచ్చిన ప్రతి మనిషికీ వాడు చెప్పేది అదే. నాకు 'కంచుకంఠం'. ఎందుకో బ్రాంచి అంతటికీ తెలుసు, సార్‌కు తప్ప.

సార్ గొంతు నేను చేస్తాను. ఆఫీసు వెనక టీ అంగడి దగ్గర, రెండేళ్ళుగా. కళ్ళు మూసుకుని మాట్లాడటం, వదులు గడియారం మణికట్టు మీద పైకీ కిందికీ తోసుకోవడం, "ఏమప్పా... అర్థమాయెనా లేదా" అని గదమాయించడం. అన్నీ వస్తాయి నాకు. ఇంకేం రావు.

మే 8, శుక్రవారం

ఇవాళ ఫోన్ ముక్క చేశాను. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు.

ఆ ముక్క పోయిన నెల దొరికింది. సార్ గదికీ నా బల్లకీ మధ్య ప్లైవుడ్ చెక్కే. హైదరాబాదు హెడ్డాఫీసుకు ఫోన్లో బతిమాలుతున్నాడు. ఇంకా సర్వీసు ఉండగానే రాజీనామా రాసిమ్మన్నారు వాళ్ళు. "సార్... ఇంగొక్క సంవత్సరం సార్... ఈ పత్తి సీజన్ చూడండి సార్... ఇంట్లో ఏమని చెప్పుకోవాల సార్..." ఒక్కో 'సార్'కూ గొంతు ఒక్కో మెట్టు దిగింది. మమ్మల్నందరినీ నిలబెట్టి కడిగే మనిషి అట్లా దిగిపోవడం... నవ్వంతా అక్కడే ఉంది.

ఆత్మకూరు నుంచి విత్తనాల డీలరు వచ్చాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇంగొకసారి చెయ్ శీనా" అన్నాడు. చేశాను. టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

మే 11, సోమవారం

సార్ గదిలోకి పిలిచాడు. ఎవరో చెప్పేశారనుకున్నాను.

"కూర్చోప్పా" అన్నాడు. ఎప్పుడూ కూర్చోమనడు. "నిన్ను కడప బ్రాంచికి ఏస్తాండారని నీకు తెల్దు గదా. ఆపించినా. మీ ఆడమనిషి ఈడ ఆసుపత్రిలో పనిచేస్తాది, చిన్న పాప ఉండాది, వద్దని చెప్పినా. ఇన్నాళ్ళకు నా మాట ఒగటి విన్నారులే."

కళ్ళు మూసుకునే చెప్పాడు. నాకు థ్యాంక్స్ అనడం కూడా సరిగా రాలేదు. బయటికి రాగానే మస్తాన్ కనుబొమ్మలెగరేసి "ఏమంటాండాడు?" అన్నాడు. ఏం లేదన్నాను.

ఇంటికి పోయి రేణుకకు చెప్పాను. "ఆయనకు ఏమన్నా చెయ్యాలబ్బా మనం" అంది.

మే 13, బుధవారం

కర్నూలులో ఎండకు రోడ్డు మెత్తబడింది. షీల్డులు వచ్చాయి. నా దాని మీద మైకు బొమ్మ.

సభకు సార్ వాళ్ళింట్లో అందరూ వస్తారట. భార్య పార్వతమ్మ, ఆళ్ళగడ్డ పక్క సొంతూరు నుంచి తమ్ముడి కుటుంబం. మస్తాన్ నన్ను మెట్ల దగ్గరికి పిలిచి చెప్పాడు, "ఇంట్లో ఆయన తనంతట తానే మానుకున్నా అని చెప్పినాడంట. ఊర్లో పొలం చూసుకుంటానని. నిన్న వాళ్ళింటికి కాగితాలు ఇయ్యనీకె పోతే ఆయమ్మ అదే చెప్పుకుంటాండాది, సంతోషంగా. నువ్వు స్టేజీ మీద ఏం చేసినా చెయ్యి గానీ, ఆ ఫోన్ ముక్క చెయ్యాకు."

"నాకు ఆ మాత్రం తెలీదా మస్తానూ" అన్నాను. కోపం కూడా వచ్చింది.

మే 16, శనివారం

నీలం చొక్కా ఇస్త్రీ. రేణుకకు ఆసుపత్రిలో డ్యూటీ, రాదు. సాయంత్రం ఆరున్నరకు హాలు.

మే 17, ఆదివారం

రాయాలి. రాయకపోతే ఇంకొకలా గుర్తుపెట్టుకుంటాను.

మొదట్లో అంతా బాగుంది. హేమలత మైకులో అరుస్తోంది, సార్ షీల్డులు ఇస్తున్నాడు, ఒక్కో పేరూ తనే చదివి తనే నవ్వుతున్నాడు. ఆయన అంతగా నవ్వడం నేను చూడలేదు. పార్వతమ్మ ముందు వరసలో, ఆకుపచ్చ పట్టుచీర. పక్కన సార్ తమ్ముడు, ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూ.

"కంచుకంఠం... శ్రీనివాసులు. ఏమప్పా, పాడతావా నువ్వు? నాకు తెల్దే!"

వెనక నుంచి ఆత్మకూరు డీలరు కేకేశాడు, "పాట కాద్సార్! మీ గొంతే చేస్తాడు!"

ఆ క్షణాన కింద పడిపోతే బాగుండేది. సార్ కళ్ళు మూసి తెరిచాడు. "నా గొంతా? చెయ్, చెయ్. పోతాండా గదా, ఇంగేం భయం నీకు." మైకు నా చేతికిచ్చాడు.

గడియారం తోసుకున్నాను, లేని గడియారం. "ఏమప్పా... అర్థమాయెనా లేదా..." హాలంతా ఒక్కసారి పగిలినట్టు నవ్వింది. పార్వతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "ఇంట్లో గూడా ఇంతేనప్పా!" అని గట్టిగా అంది. ఇంకా నవ్వులు. సార్ తొడ మీద కొట్టుకుంటున్నాడు. సేల్స్ మీటింగు చేశాను. వాన పడనప్పుడు ఆయన ఆకాశాన్ని తిట్టడం చేశాను. అంతమంది ఎప్పుడూ నవ్వలేదు నా వల్ల. పొలాల్లో రైతులతో మాట్లాడతాను, డీలర్ల దగ్గర నిలబడతాను, ఎవరూ నా ముఖం గుర్తుపెట్టుకోరు. అక్కడ రెండొందల కళ్ళు.

తరువాత నవ్వు కొంచెం పలచబడింది. దిగిపోవచ్చు.

"ఫోన్‌ది! ఫోన్‌ది చెయ్ శీనా!" డీలరే.

మస్తాన్ మూడో వరసలో ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు. నేను చూడలేదని అందరికీ చెప్పుకోవచ్చు. చూశాను. చూసి, చేతిలోని షీల్డు ఫోన్‌లా చెవికి పెట్టుకున్నాను.

"సార్... ఇంగొక్క సంవత్సరం సార్..."

వెనక వరసల్లో ఘొల్లుమన్నారు. ముందు వరసలు ఆగిపోయాయి. అక్కడైనా ఆపొచ్చు. ఆపలేదు. ఆ ముక్క చివరిదాకా పోతేనే దానికి అందం అని నా నోటికి అలవాటైపోయింది. "ఇంట్లో ఏమని చెప్పుకోవాల సార్..."

పార్వతమ్మ ముఖం మీద నవ్వు ఇంకా ఉంది, దాన్ని తీసెయ్యడం మరిచిపోయినట్టు. మెల్లగా సార్ వైపు తిరిగింది. తమ్ముడు ఫోన్ దించలేదు.

మొదట చప్పట్లు కొట్టింది సారే. "శానా బాగా చేసినావప్పా" అన్నాడు. భుజం తట్టాడు. చెయ్యి వేడిగా ఉంది. హేమలత గబగబా తరువాతి పేరు చదివింది.

చివర ఆయన మాట్లాడాలి. జేబులోంచి కాగితం తీశాడు, చూశాడు, మడిచి మళ్ళీ జేబులో పెట్టాడు. "అందరూ బాగుండండి" అన్నాడు. అంతే. భోజనాలకు ఆగలేదు వాళ్ళు. నేను ఆగాను. పలావు తిన్నాను కూడా. ఎవరో వచ్చి చేయి కలిపి, ఇరగదీశావు అన్నారు.

మే 18, సోమవారం

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వీడియో. కింద వరసగా నవ్వే బొమ్మలు. తీసెయ్యమని హేమలతను బతిమాలాను. తీసేసింది. "ఇప్పుడు తీసి ఏం లాభం శీనన్నా" అంది. బయటి గ్రూపులకు అప్పటికే పోయింది.

సార్ గది ఖాళీ. నెలాఖరు దాకా వస్తానన్నవాడు సెలవు పెట్టాడు.

మస్తాన్ నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం డబ్బా తెరిచి, నా వైపు జరపకుండా తిన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

మే 20, బుధవారం

ఫోన్ చేశాను. ఎత్తాడు. "ఏమప్పా" అన్నాడు. అదే మాట, నేను వందసార్లు పలికింది. పెట్టేశాను.

ఆయనే తిరిగి చేశాడు. "ఏమన్నా పనిబడిందా?"

"లేద్సార్, జేబులో నొక్కుకునింది."

"సరేలే."

మే 21, గురువారం

రేణుకకు చెప్పాను, అంతా. చివరి మాట దాకా చెప్పమంది. చెప్పాను. ఆ గొంతుతో కాదు, మామూలుగా. "ఆయన మనల్ని ఈడ ఉండనిచ్చినాడు" అంది. అరిచినా బాగుండేది.

మే 24, ఆదివారం

వాళ్ళింటికి పోయాను. క్షమించమని అడగాలని. దారిలో మాటలు వరస పెట్టుకున్నాను.

పార్వతమ్మ తలుపు తీసింది. సార్ మందుల అంగడికి పోయాడట. లోపలికి రమ్మంది, మజ్జిగ ఇచ్చింది. కుర్చీలో ఎదురుగా కూర్చుంది. చేతులు ఒళ్ళో.

"ఒగటి అడగల్ల నిన్ను. ఆ ఫోన్ మాటలు ఆయన అన్నవేనా?"

వరస పెట్టుకున్న మాటలన్నీ పోయాయి.

"లేదమ్మా. నేనే కల్పించినా. నవ్వేదానికి."

"మరి మిగతావన్నీ అచ్చం ఆయనే గదప్పా. అదొక్కటే నువ్వు కల్పించినావా?"

"అవునమ్మా."

నా వైపు చాలాసేపు చూసింది. కోపం లేదు. కోపం కోసం వెతికాను, దొరకలేదు. "ఇంగ కొంచెం పోస్తా, ఎండన పడి వచ్చినావు" అని మజ్జిగ మళ్ళీ పోసింది. తాగాను. సార్ వచ్చేలోపే లేచి వచ్చేశాను.

ఒక మంచి పని చేశానని బండి మీద అనుకున్నాను. వీధి మలుపు తిరిగేదాకా నిలిచింది ఆ అనుకోవడం.

మే 25, సోమవారం

మస్తాన్‌కు చెప్పాను, అబద్ధం చెప్పి సర్దేశానని. "నీకే గదా సర్దుకునింది" అన్నాడు.

మే 28, గురువారం

బేతంచెర్ల డీలరు అంగడిలో ఉండగా సార్ ఫోన్. బయటికి వచ్చాను. నాపరాళ్ళ లారీలు, దుమ్ము, ఒక చెవి మూసుకుని నిలబడ్డాను.

"ఇంటికి వచ్చినావంట. నేను వచ్చేదాకా ఉండకపోతివే."

"పని ఉండె సార్."

"ఆమెకు ఏం చెప్పినావు?"

చెప్పాను, కల్పించానని చెప్పినట్టు.

"సభ పొద్దు ఇంటికి పోతా కార్లోనే ఆమెకు అంతా చెప్పేసినా గదప్పా. తీసేసినారని. బతిమాలుకున్నా అని."

అంటే ఆదివారం ఆమె అడిగింది తెలుసుకోవడానికి కాదు. నేను ఏమంటానో వినడానికి. లారీ ఒకటి హారన్ కొడుతూనే ఉంది. నేను రోడ్డుకు అడ్డంగా ఉన్నాను.

"ఆ పిల్లోనికి అబద్ధమాడేది రాదు పాపం అనిందిలే" అన్నాడు సార్. నవ్వాడనే అనుకుంటాను. తరువాత, "ఇంట్లో ఏమీ లేదప్పా. మా తమ్ముడే. ఊర్లో ఆ వీడియో చూపిస్తాండాడంట అందరికీ. పొలం కాడికి పోబుద్ధి కాలేదు. పోతే ఎవరో ఒగరు నవ్వుతారు. ఎండలు తగ్గినాక సూడాల."

అప్పుడైనా అనాలి. క్షమించండి సార్, అంతే కదా, రెండు మాటలు. నోటి దాకా వచ్చాయి. కానీ ఆ మాటలు ఏ గొంతులో బయటికొస్తాయోనని భయం వేసింది.

"ఆదివారం అన్నానికి రా. ఆమె రమ్మంటాంది. మీ ఆడమనిషిని, పాపను గూడా తోడుకోని రా."

"సూస్తా సార్" అన్నాను.

మే 29, శుక్రవారం

సార్ అన్నానికి పిలిచిన సంగతి రేణుకకు ఇంకా చెప్పలేదు. చెబితే బయలుదేరుతుంది.

మే 30, శనివారం

కొత్త మేనేజరు చేరాడు. నెల్లూరు మనిషి, చిన్న వయసు. పరిచయాలప్పుడు నన్ను చూసి, "మీరేనా? వీడియో చూశాను. మరి నన్నెప్పుడు చేస్తారు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండొచ్చని ఇంటికి వచ్చాక తట్టింది.

సాయంత్రం ఇంటికి రాకుండా సార్ వాళ్ళ వీధిలోకి బండి తిప్పాను. ఎందుకో తెలియదు. వాకిట్లో ఆయన లుంగీ ఎగ్గట్టి కనకాంబరం మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. పార్వతమ్మ అరుగు మీద కూర్చుని ఏదో చెబుతోంది. ఆయన తలెత్తాడు. నన్ను చూశాడో, బండినే చూశాడో.

ఆపలేదు.

రేణుక ఇప్పుడే అడిగింది, "రేపు ఆదివారం గదా, యాడికన్నా పోదామా?"

పాప చెప్పులు వెతుకుతున్నట్టు మంచం కిందికి వంగాను.