వంతెన మీద గేదె

శ్రీకాకుళం,
8-2-68

ప్రియమైన అక్కకు,

నీ నుదుటి మీద కుట్లు ఎలా ఉన్నాయి? పదిరోజులకు విప్పించుకోమన్నాడు డాక్టరు. అంతవరకూ తడపకు. నువ్వు తలంటు మానే మనిషివి కావు, అందుకే బావకు కూడా ఈ మాట చదివి వినిపించు. రథసప్తమికి అరసవిల్లి దర్శనానికి రమ్మని పిలిచింది నేను, కారులో దిగబెట్టిస్తానన్నది నేను. చివరికి నీకు తల పగిలింది. రెండురోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

కారు మన పెరట్లో టార్పాలిన్ కింద ఉంది. కుడిపక్క మడ్‌గార్డు లోపలికి పోయింది, ముందు తలుపు నొక్కుకుపోయి రావడం లేదు. రేడియేటరు పగిలింది. అయినా సుత్తి తాకించడానికి వీల్లేదట. ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళ సర్వేయరు విశాఖపట్నం నుంచి వచ్చి, గుద్దినది గుద్దినట్టుగా చూడాలట. మీ మరదలు పద్మకుమారి గుమ్మడికాయతో దిష్టి తీస్తానని ఒకటే గొడవ. తుడవనూ వద్దు, తియ్యనూ వద్దు, ముట్టుకోనూ వద్దని తిట్టి కూర్చోబెట్టాను.

మన డ్రైవరు కూర్మయ్య చెప్పినది ఇది. నాగావళి వంతెన మీద ఎదురుగా గేదె వచ్చిందట, తప్పించబోయి పిట్టగోడకు కొట్టాడట. స్టేషనులో అలాగే చెప్పాడు, క్లెయిము ఫారంలోనూ అలాగే నింపాను. వెనకసీట్లో నువ్వున్నావు కనుక సాక్షివి నువ్వే. గేదెను చూశానని రెండు ముక్కలు రాసి సంతకం చేసి పంపు. కారు లేకపోతే గోగునార కొనడానికి సంతలకు తిరగలేను. సీజను సగం అయిపోతోంది.

నీ తమ్ముడు,
నరసింగరావు


విజయనగరం,
12-2-68

చిరంజీవి నరసింగానికి,

జగదాంబ దీవెనలు. నా తలకేమీ కాలేదు. మీ బావ రోజూ అద్దం తెచ్చి నా ముందు పెట్టి, "కుట్లు బాగా కుట్టాడు సుమా" అని మెచ్చుకుంటున్నారు. బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి, కుట్ల మధ్య దూరం కూడా కొలుస్తారేమో.

ఒరే, కూర్మయ్యకు స్టీరింగు గుండెల మీద తగిలింది. ఎవరికైనా చూపించావా? నీ ఉత్తరంలో మడ్‌గార్డు ఉంది, రేడియేటరు ఉంది, ఆ మనిషి లేడు. నాన్న ఉన్నప్పటి నుంచీ మన కారు నడుపుతున్నాడు. పద్నాలుగేళ్ళలో ఒక కోడిపిల్లను కూడా తొక్కించలేదు.

గేదె సంగతి నన్నడగకు. ఏరు కనబడగానే కళ్ళు మూసుకుని దండం పెట్టుకోవడం నా అలవాటు, నీకు తెలుసు కదా. చూడనిదాన్ని చూశానని సంతకం పెట్టలేను.

వెనక కుడివైపు అద్దానికి హేండిలు ఊడిపోయిందని దీపావళికే చెప్పాను. "రేపు, రేపు" అన్నావు. మొన్న కూడా ఊడే ఉంది. ఎలాగూ కారు షెడ్డుకు వెళుతుంది కనుక అదైనా బిగించు.

ఆశీస్సులతో,
జగదాంబ


శ్రీకాకుళం,
19-2-68

ప్రియమైన అక్కకు,

సర్వేయరు శనివారం వచ్చాడు. సన్నగా, గొడుగు వేసుకుని, మాటకు ముందు దగ్గే మనిషి. టార్పాలిన్ తీయగానే బంపరు మీద ఎర్రటి మరక చూసి, "రక్తమా?" అని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను లేనప్పుడు పద్మకుమారి కుంకం నీళ్ళతో సహా దిష్టి తీసేసిందక్కా! గుమ్మడిగింజలు చక్రం కింద ఇంకా ఉన్నాయి. ఆయన అన్నీ చూసి, నవ్వకుండా, "దిష్టిమరక, ప్రమాదానికి సంబంధం లేదు" అని రాసుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత నవ్వులాట లేదు. ఆయన వంతెన దాకా నడిచి వెళ్ళాడు. మొదట్లో టీ కొట్టు పెట్టుకున్న లక్ష్ముణ్ణి అడిగితే వాడు, "గేదేటి బాబూ, ఆ పొద్దు మేక కూడా ఎక్కలేదు వంతెన. కారు దాని మటుకు అదే పక్కకి ఎల్లిపోయి గుద్దీసింది" అన్నాడట. సర్వేయరు నా ముఖం చూశాడు. డ్రైవరు తాగి ఉన్నాడా అని అడిగాడు. కనుక్కుని చెబుతానన్నాను.

కూర్మయ్యను నిలదీశాను. నేల చూస్తాడు, నోరు విప్పడు. గేదె రాలేదంటే రాలేదనడు, వచ్చిందంటే వచ్చిందనడు. పద్నాలుగేళ్ళు తిండి పెట్టిన ఇంటికి అబద్ధం చెప్పాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. రేపటినుంచి రావద్దన్నాను. సాయంత్రం వాడి పెళ్ళాం దాలమ్మ వచ్చి గుమ్మంలో కూలబడి, "ఆడు తాగనేదు బాబూ, నా పుస్తి మీద ఒట్టు. ఏటయ్యిందో నాకూ సెప్పనేదు" అని ఏడ్చింది. పద్మకుమారి కూడా ఏడ్చింది.

షెడ్డులో మరమ్మతు మొదలుపెట్టుకోవచ్చని సర్వేయరు కాగితం ఇచ్చాడు. డబ్బు వచ్చేదీ రానిదీ మాత్రం తేలలేదు. మార్చి నాలుగో తేదీన మళ్ళీ వస్తాడు. అప్పటికి కూర్మయ్య నిజం చెప్పకపోతే, తాగి నడిపాడని నేనే రాసిస్తాను. లైసెన్సు పోతే పోనీ.

నీ తమ్ముడు,
నరసింగరావు


విజయనగరం,
22-2-68

నరసింగా,

ఆ మాట రాశావా, నీ గడప తొక్కను. అతను తాగలేదు. వెనకే కూర్చున్నదాన్ని, నాకు వాసన తెలియదా? లైసెన్సు పోతే నలభై అయిదేళ్ళ మనిషి మళ్ళీ ఏం నేర్చుకుంటాడురా? దాలమ్మ ఏం తిని బతుకుతుంది?

ఇంతకంటే రాయలేను. రాయకూడదు. కూర్మయ్యను ఒక్కసారి విజయనగరం పంపు. బస్సు చార్జీ నేనిస్తాను. అతనితో మాట్లాడాక నీకు అన్నీ తెలుస్తాయి. నాలుగో తేదీ లోపల పంపాలి. మరిచిపోకు.

అక్క


శ్రీకాకుళం,
26-2-68

ప్రియమైన అక్కకు,

కార్డు మీద నాలుగు ముక్కలు. కూర్మయ్య ఊళ్ళో లేడు. గరివిడి ఫ్యాక్టరీ దగ్గర రాళ్ళు మోసే కూలికి వెళ్ళాడట. గుండె నొప్పి ఇంకా ఉందని దాలమ్మ చెప్పింది. నాకు బాధగానే ఉంది. కానీ తప్పు లేనివాడు ఎందుకు పారిపోతాడు? నీకేం తెలుసో చెప్పవు, వాడు చెప్పడు. మీ ఇద్దరి మధ్య నేను వెర్రివాణ్ణయ్యాను. సోమవారం సర్వేయరు వస్తాడు. నా మాట మీద నేనున్నాను.

నరసింగరావు


విజయనగరం,
29-2-68

చిరంజీవి తమ్ముడు నరసింగానికి,

నీ కార్డు నిన్న ఉదయం అందింది. పదిగంటల బస్సుకు గరివిడి వెళ్ళాను. మీ బావ బడికి సెలవు పెట్టి తోడు వచ్చారు. ఎందుకు వెళుతున్నామని దారి పొడుగునా ఒక్క మాట అడగలేదు.

కూర్మయ్య తట్ట దించి నన్ను చూసి కంగారుపడ్డాడు. తల మీద గుడ్డ తీసి చేతులు తుడుచుకుని, "ఈ ఎండలో మీకేటమ్మా ఈ పని?" అన్నాడు. మనిషి సగమైపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. "ఒట్టు తీసెయ్యి కూర్మయ్యా, నా వల్ల కాదు" అన్నాను. చాలాసేపు బతిమాలాక, "సరేనమ్మా, ఇప్పేస్తన్నాను" అన్నాడు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

గేదె లేదు. గేదె నేనేరా.

మన అమ్మ చిల్లు కాణీల సంచి గుర్తుందా? ఆ కాణీలు చెల్లకుండా పోయాక, ఏరు దాటేటప్పుడు గంగమ్మకు వేయడానికి ఉంచుకునేది. పోయేముందు నా చేతిలో పెట్టింది. ప్రతి ఏటిలో ఒకటి వేస్తూ వచ్చాను. ఆ రోజు నా ఎడమపక్క నువ్వు పెట్టించిన గుమ్మడికాయలూ, బెల్లం దిమ్మలూ, చాపలూ కప్పు దాకా ఉన్నాయి. కుడిపక్క అద్దం దిగదు. ఏరు చూస్తే సన్నగా ఒక్క పాయ. అది దాటిపోతే ఇసకే. తొందరలో పసుపు రాసిన కాణీ కూర్మయ్య భుజం మీదుగా అందించి, "నీళ్ళు పోతున్నాయి, విసురు, విసురు" అని అరిచాను. అతను "ఆపుతానమ్మా" అన్నాడు. వెనక లారీ ఉంది, ఆపకు అన్నాను. ఒక చేత్తో పట్టుకుని, ఒక చేత్తో విసిరాడు. అంతే.

నెత్తురు కారుతున్న నా తల పట్టుకుని ఆసుపత్రిలో అతను నాతో ఏమన్నాడో తెలుసా? "నాన్నగారి పొలం పంపకాల కాడ మీరూ బాబూ రెండేళ్ళు మాటాడుకోనేదు. ఇప్పుడిప్పుడే కలిశారు. మీ వల్లే కారు పోయిందంటే బాబు మళ్ళీ మాట మానేత్తాడు. నాను గేదె అడ్డొచ్చినాదని సెప్పీసాను, మీరు మాటాడకండి. మీ అమ్మగోరి మీద ఒట్టు" అన్నాడు. అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు. నోరు మూసుకున్నాను. అతని ఉద్యోగం పోతున్నా మూసుకున్నాను. నాకు భయం వేసిందిరా. కారు గురించి కాదు, నీ గురించి. ఆ రెండేళ్ళూ నేనెలా గడిపానో... వద్దులే, ఆ మాటలు ఎందుకు? పండక్కి పుట్టింటి గడప లేనిదాన్నై ఉండటం ఎంత కష్టమో నీకు తెలియదు.

ఇదిగో, కింద సంతకం పెట్టాను. మీ బావ సాక్షి సంతకం పెట్టారు. దీన్ని సర్వేయరుకు చూపించు. డబ్బు పోతే నా గొలుసు ఉంది. కూర్మయ్య లైసెన్సు మాత్రం పోకూడదు. ఆ తర్వాత నాతో మాట్లాడతావో మానతావో నీ ఇష్టం.

జగదాంబ


శ్రీకాకుళం,
6-3-68

నా ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం శనివారం మధ్యాహ్నం వచ్చింది. అప్పటికే నాకు సగం తెలుసు.

ఆ ఉదయం షెడ్డుకు వెళ్ళాను. చినబాబు మేస్త్రీ కుడివైపు ముందు తలుపు విప్పి, లోపలి అట్ట ఊడదీశాడు. "బాబూ, ఇదేటి సూడండి, అద్దం దిగే సందులో పడి ఉన్నాది" అని నా చేతిలో ఒకటి పెట్టాడు. చిల్లు కాణీ. పసుపు ఇంకా అంటుకునే ఉంది. నేను అక్కడే టైరు మీద కూర్చుండిపోయాను. అమ్మ నడుముకు వేలాడే ఆ సంచి చప్పుడు నాకు వినబడింది. కాణీ ఏట్లో పడనేలేదక్కా. విసురు గురి తప్పి కిటికీ అంచుకు తగిలి తలుపులోకి జారిపోయింది. ఇంటికి వచ్చేసరికి నీ ఉత్తరం ఉంది. పద్మకుమారి చదివి వినిపించింది, నాకు అక్షరాలు కనబడలేదు.

ఆదివారం పొద్దున్నే గరివిడి వెళ్ళాను. కూర్మయ్య నన్ను చూసి పారిపోబోయాడు. "ఎందుకు చెప్పలేదురా నాకు?" అని అరిచాను. పదిమందీ చూస్తున్నారు. "సెప్తే ఏటవుతాది బాబూ? కారు మేస్త్రీ బాగు సేస్తాడు. మీ ఇద్దరినీ ఎవుడు బాగు సేస్తాడు?" అన్నాడు. వాడి చేయి పట్టుకుని బస్సెక్కించాను. డాక్టరుకు చూపించాను. పక్కటెముక చిట్లిందట, నెల రోజులు బరువు ఎత్తకూడదట. వాడి చేత రాళ్ళు మోయించింది నేను. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

సోమవారం సర్వేయరు ముందు నీ ఉత్తరం, కాణీ రెండూ పెట్టాను. గేదె అబద్ధమని ఫారంలో నా చేత్తో నేనే దిద్ది సంతకం పెట్టాను. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, దగ్గి, "పొరపాటు జరుగుతుందనే కదండీ ఇన్సూరెన్సు. నిజం దాచి ఉంటే ఇచ్చేవాళ్ళం కాదు" అన్నాడు. రేడియేటరు పాతది కనుక దానికి సగమే ఇస్తారట. మిగతాదంతా పూర్తిగా ఇస్తారట. స్టేషనులో కూడా నిజమే చెప్పాం. చిన్న జరిమానాతో పోయింది, లైసెన్సు ఉంది. లేచి వెళుతూ సర్వేయరు కాణీని అటూ ఇటూ తిప్పి చూసి, "గోదావరి దాటేటప్పుడు మా ఆవిడా అంతే" అన్నాడు.

నువ్వు గేదెవైతే నేనేమిటి? దీపావళికి చెప్పిన హేండిలు నేను బిగించి ఉంటే నువ్వే విసిరేదానివి. ఆ ముక్క కూడా కాగితంలో రాయించాను. నీతో మాట మానేస్తానని నువ్వు భయపడ్డావంటే ఆ తప్పూ నాదే. పొలం గట్టు కోసం రెండేళ్ళు పోగొట్టుకున్నాను. ఇంక ఒక్క రోజు కూడా పోగొట్టుకోను.

ఉగాదికి నువ్వూ బావా రావాలి. అప్పటికి కూర్మయ్యకు ఎముక కూడుతుంది. తిరుగుదారిలో అతనే దిగబెడతాడు, ముందు సీట్లో నేనుంటాను. గుమ్మడికాయలు డిక్కీలో పెడతాం. కాణీని అమ్మ ఫొటో ముందు ఉంచాను, పసుపు కడగలేదు. వెనక కుడివైపు అద్దం నిన్న నేనే పదిసార్లు దించి ఎక్కించి చూశాను, బాగా దిగుతోంది. వంతెన మీద నువ్వే విసురు.

ఎప్పటికీ నీ తమ్ముడు,
నరసింగం