నీ సంస్మరణ సభకు ముఖ్య అతిథి

యాదన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. విదేశీ కంపెనీ సొమ్ము తిని దానికి పనులు చేసిపెట్టాడని ఏ నాయకుడి మీద ప్రత్యేక దర్యాప్తులో సాక్ష్యం చెప్పావో, అతన్నే క్యాంపస్‌లో నీ సంస్మరణ సభకు పిలిచారు.

తార్నాకలో అతని దిష్టిబొమ్మ కాల్చిన విద్యార్థి నాయకుడే దండ తెచ్చాడు. ఇదేమిటని అడిగాను.

"కేసు కొట్టేసిండ్రు గదన్నా! హాస్టల్ల బోరు ఏయిస్తనన్నడు."

ముఖ్య అతిథి నీ ఫొటోకు దండ వేయబోతే వదిన అడ్డం వచ్చింది.

"మీ చేత్తోని వద్దు సార్. ఆయన మీ గురించి ఏం చెప్పిండో మీకెరుకే."

ఫొటో తీసుకుని వెళ్లిపోయింది. అతను దండ బల్ల మీద పెట్టి, నీ నిజాయితీ గురించి మాట్లాడాడు. చప్పట్లు మోగాయి.

వదిన అన్న మాట కూడా మా పేపరుకు పంపిన వార్తలో రాశాను. పొద్దున పేపర్లో చప్పట్లే ఉన్నాయి.