ఆమేన్ తర్వాత చాపిన చెయ్యి

బోయిగూడ,
సికింద్రాబాద్.

అమ్మకు, నీ కొడుకు లూకా ప్రభువు పేర వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. ఇన్నాళ్లూ ఆ మాట అలవాటుకొద్దీ రాసేవాణ్ణి. ఈసారి నిజంగానే క్షేమం. నువ్వు పనిచేసే హాస్టల్లో నీ ఒళ్లు ఎలా ఉందో, పిల్లల పరీక్షలు ఎప్పటికి అవుతాయో రాయి.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఎస్టీడీ బూత్‌లో మీటరు తిరుగుతుంటే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, బయట నిలబడ్డవాళ్లు వింటారు. అందుకే కాగితం.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు. అమ్మమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది, నూనె రాస్తానంటే రాయనివ్వదు. రాణీగంజ్‌లో మోటార్ల వైండింగ్ పని మానలేదు. సేటుతో గొడవైంది, అది మామూలే. కాప్రా వృద్ధుల హోమ్‌వాళ్ల బండి వచ్చిందా, తాతయ్య బట్టలు సర్దారా అని అడిగావు. బండి వచ్చింది. ఆ సంగతి చివర చెప్తాను, ముందుకు దూకకుండా చదువు.

నువ్వు క్రిస్మస్‌కి వచ్చినప్పుడు తాతయ్య మన పేర్లు మర్చిపోయినా తన కాళ్ల మీద తను తిరిగేవాడు. నువ్వెళ్లాక మనిషి కట్టెలా అయిపోయాడు. నోటి పక్కన చొంగ, బిగుసుకుపోయిన చేతులు, నేల మీద ఈడ్చే కాళ్లు. స్నానాలగది గడప దగ్గర పడి నుదురు చిట్లింది. జబ్బు ముదిరిందన్నారు అందరూ. సామ్యూల్ మామయ్య హోమ్ మాట్లాడాడు, నువ్వు సరేనన్నావు. అమ్మమ్మేమో తాతయ్య చొక్కాలు ముందేసుకుని ఊడిన గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన్ని వదిలి ఉండని మనిషి, ఆయన్ని పంపించడానికి గుండీలు కుడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

మంట ఎవరి మీద చూపాలో తెలియక డాక్టరమ్మ మీద చూపించాను. మతిమరుపు బిళ్ల చాలదన్నట్టు, రాత్రిళ్లు లేచి గోల చేస్తున్నాడని ఇంకో చిన్న తెల్ల బిళ్ల రాశారు, అది మొదలయ్యాకే మా తాతయ్య ఇలా అయ్యాడు, దీనికి జవాబు ఎవరు చెప్తారని ఆస్పత్రిలో అందరి ముందూ అడిగాను. ఆవిడ కోప్పడలేదు. ఆ తెల్ల బిళ్లతో మత్తు, బిగుసుకుపోవడం, చొంగ వస్తాయి, నిజమేనంది. కానీ తను రాసింది రాత్రికి ఒక్కటే, దానికి ఇంత కాకూడదంది.

"ఇంట్లో బిళ్లలు ఎవరు ఇస్తున్నారు?"

"మా అమ్మమ్మ. ఆవిడ తప్పు చెయ్యదు."

"తప్పని నేననలేదు. ఒకరోజు పని మాని ఇంట్లో కూర్చో. ఎవర్నీ ఏమీ అనకు. చూడు."

ఎవర్నీ ఏమీ అనకుండా కూర్చోవడం నాకెంత కష్టమో నీకు తెలుసు. కూర్చున్నాను.

ఇక్కడ నీకొకటి చెప్పాలి. బిళ్లంటే విషం పెడుతున్నారని తాతయ్య ఉమ్మేసేవాడు కదా. దానికి అమ్మమ్మ కనిపెట్టిన ఉపాయం నువ్వు చూడలేదు. పక్కన కూర్చుని ప్రార్థన చేస్తుంది. ఆమేన్ అనగానే తాతయ్య కళ్లు మూసుకునే అరచెయ్యి చాపుతాడు, చర్చిలో సంస్కారపు రొట్టె కోసం చాపినట్టు. అందులో బిళ్ల పెడితే మారుమాట లేకుండా మింగుతాడు. మనుషుల్ని మర్చిపోయాడుగానీ ఆ చెయ్యి చాపడం మర్చిపోలేదు. అందుకే బిళ్లల డబ్బా బైబిలు పక్కనే ఉండేది.

మధ్యాహ్నం చర్చి స్త్రీల సమాజం నుంచి దేవమ్మత్త వచ్చింది. అమ్మమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. దేవమ్మత్త తాతయ్య తల మీద చెయ్యి పెట్టి మంచి ప్రార్థన చేసింది. ఆమేన్ అంది. తాతయ్య చెయ్యి లేచింది. ఆవిడ డబ్బా తీసి, చిన్నదైతే సులువుగా దిగుతుందని తెల్ల బిళ్ల ఏరి, ఆ అరచేతిలో పెట్టింది. నోట్లోకి పోకముందే పట్టుకున్నాను.

"రోజూ పెడుతున్నావా అత్తా?"

"నేనొచ్చిన్నాడు నేను పెడ్త, ప్రేమమణి వచ్చిన్నాడు ప్రేమమణి పెడ్తది. మొన్న పాస్టరుగారు సుత పెట్టిండు. మీ అమ్మమ్మనే ఒకపారి నీళ్లకు పోతా పెట్టుమన్నది. చాపిన చేతిల ఏం పెట్టకుండ ఎట్ల పోత బిడ్డా?"

అమ్మా, అర్థమైందా? తాతయ్య పడ్డాడని ప్రార్థన చెయ్యడానికి వస్తున్నారు. ప్రార్థన చేసి బిళ్ల పెడుతున్నారు. బిళ్ల వేసుకుని తాతయ్య మళ్లీ పడుతున్నాడు. మళ్లీ పడ్డాడని ఇంకో నలుగురు వస్తున్నారు. ఒక్కరికీ చెడు బుద్ధి లేదు, అదే నా ఖర్మ. చెడ్డవాడు దొరికి ఉంటే కొట్టి ఊరుకునేవాణ్ణి. నోటిదాకా వచ్చిన బూతు మింగేశాను. నా జన్మలో అదే మొదటిసారి.

అమ్మమ్మ తడి చేతులతోనే గడపలో కూలబడింది. "ఒక్కరోజు కోసం చెప్పానురా" అంది, అంతే. ఆవిణ్ణి ఒక్క మాట అన్నా ఒప్పుకోను. నువ్వు కూడా అనకు.

డాక్టరమ్మకి చెప్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక్కసారిగా మానకూడదని, కొద్దికొద్దిగా తగ్గించి తెల్ల బిళ్ల తీసేసింది. మతిమరుపు బిళ్ల అన్నం తిన్నాకే ఇమ్మంది, ఖాళీ కడుపుకి వాంతులొస్తాయట. "మరుపు పోదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. మనిషి మాత్రం తిరిగొస్తాడు" అంది. ఆవిడ మీద అరిచినందుకు సిగ్గేసింది. మర్నాడు వెళ్లి వాళ్ల గదిలో కొట్టుకుంటున్న ఫ్యాను బాగుచేసి వచ్చాను.

ఇప్పుడు బిళ్లలు ట్రంకుపెట్టెలో, తాళంచెవి అమ్మమ్మ కొంగుకి. బైబిలు పక్కన పటికబెల్లం డబ్బా పెట్టాం. ఎవరొచ్చినా ప్రార్థన చేసి అందులోంచి ఒక పలుకు పెట్టి వెళ్తారు.

ముందు చొంగ ఆగింది. తర్వాత వేళ్లు వంగాయి. ఒక పొద్దున గోడ పట్టుకోకుండా వంటింట్లోకి నడిచొచ్చి, టీలో చక్కెర లేదని అమ్మమ్మని తిట్టాడు. ఆవిడ ఆ తిట్టుని వీధంతా తిరిగి చెప్పుకుంది.

ఇక బండి సంగతి. మామయ్య దాన్ని వెంటపెట్టుకుని వచ్చాడు. అతను అప్పుడు చూసిన, కట్టెలా బిగుసుకున్న తాతయ్యనే మనసులో పెట్టుకుని వచ్చాడు. తలుపు తీసింది తాతయ్య. గడ్డం గీసి ఉంది, చొక్కాకి అన్ని గుండీలూ ఉన్నాయి. డ్రైవరు "పేషెంట్ యాడున్నడు?" అన్నాడు. తాతయ్య మామయ్యని ఎగాదిగా చూసి, "ఇతనేమో బాబూ, రంగు బాలేదు. మెల్లిగా ఎక్కించు" అన్నాడు.

కొడుకుని గుర్తుపట్టలేదు. మామయ్య మొహం చూసి జాలేసింది కూడా. అయినా ఆగలేదు. "పేషెంట్ లేడన్నా. జెర పరేషాన్ చేసినం, చాయ్ తాగి పో" అని బండి తిప్పి పంపేశాను.

ఇంతసేపు దాచింది ఇదే. నిన్ను అడగలేదు. నువ్వు మామయ్యకిచ్చిన మాట నేను తీసేశాను. అతను నాతో మాట్లాడటం లేదు. నువ్వూ తిట్టాలంటే తిట్టు. క్షమించమని మాత్రం అడగను.

బండి వెళ్లాక అన్నాలకి కూర్చున్నాం. తాతయ్య తనే ప్రార్థన ఎత్తుకున్నాడు. సగం మాటలు ఎటో పోయాయి, ఆమేన్ మాత్రం గట్టిగా వచ్చింది. చెయ్యి చాపాడు, పటికబెల్లం పెట్టాను. నోట్లో వేసుకోలేదు. పక్కనున్న అమ్మమ్మ చెయ్యి లాక్కుని, అరచేతిలో ఆ పలుకు పెట్టి, వేళ్లు మూశాడు.

"ముందు నువ్వు వేసుకో కాంతమణీ. మొహం పీక్కుపోయింది."

ఆ పేరు ఆయన నోట విని ఎన్నాళ్లయిందో నీకే తెలుసు. అమ్మమ్మ వేసుకుంది.

పరీక్షలు కాగానే రా. మనింట్లో ప్రార్థనకి కూర్చుంటే నీ చేతిలోనూ ఏదో ఒకటి పడుతుంది.

ఇట్లు,
నిన్ను అడక్కుండా బండి తిప్పి పంపిన నీ కొడుకు,
లూకా