నలభై ఒక్క గుంతలు

జూన్ 11

బ్రహ్మయ్య గారి ఇంటి ముందు ఇంకుడు గుంత పూర్తయింది. ఆరడుగుల లోతు. అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, ఆ మీద ఇసుక. నాలుగు బిందెల నీళ్లు పోశాను, చూస్తుండగానే తాగేసింది. భలే సంతోషమేసింది. కాలనీలో ఇంకా నలభై ఇళ్లున్నాయి. నెలాఖరుకి అన్నింటికీ గుంతలు తవ్వాలి, ఫొటోలు అప్‌లోడ్ చేయాలి. లేకపోతే మెమో వచ్చేది వార్డు సెక్రటరీకే, అంటే నాకే.

జూన్ 19

పక్కింట్లో గడ్డపార వేస్తే రెండడుగులకే నాపరాయి. ఆ పక్కింట్లోనూ అంతే. పునాదికి బండ తగిలిందని మురిసిపోయి ఇల్లు కట్టుకున్నాం, ఇప్పుడు దాన్ని పగలగొట్టమంటావేందమ్మా అని ఒకాయన నవ్వాడు. బ్రేకర్ పెడితే గోడలు నెర్రెలిస్తాయని ఇంకొకాయన గేటు వేసుకున్నాడు. బండ ఉన్నచోట గుంత పనికిరాదు, నీటికి కాలువ దారే గతి. ఈ మాట చెబితే మా మున్సిపల్ ఇంజనీరు, ఏఈ గారు, కంప్యూటర్ నుంచి తల తిప్పలేదు. కారణాలు కాదు, ఫొటోలు పట్టుకు రమ్మన్నారు.

జూన్ 27

బ్రహ్మయ్య గారు పాత కౌన్సిలర్. ఎవరికే చిక్కొచ్చినా ఆయన అరుగు ఎక్కుతారు. నేనూ ఎక్కాను. దీనికింత ఏడుపెందుకమ్మా నీలిమా అన్నారు. నా గుంత ఉండనే ఉంది, ఒక్కొక్కళ్లూ వచ్చి దాని పక్కన నిలబడతారు, పెళ్లి స్టేజీ మీద దిగినట్టు ఫొటో దిగిపోతారు, నీ పని అయిపోద్ది అన్నారు.

జూన్ 28

అయిపోయింది. పలక మీద సుద్దతో డోర్ నంబరు రాయడం, ఇంటాయన పట్టుకొని నిలబడడం, క్లిక్. తుడవడం, మళ్లీ రాయడం. ఇద్దరు ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకొచ్చారు. బ్రహ్మయ్య గారి భార్య అందరికీ టీలు పంచింది. ఒకాయన కళ్లు మూసుకుంటే రెండోసారి తీశాను. నేనూ నవ్వాను. అది దాచుకోను.

జూన్ 29

నలభై ఒక్క ఫొటోల కిందా, ఎక్కడ తీశామో చెప్పే జియోట్యాగ్‌లో ఒకే అంకెలు. ఎవరైనా ఒక్కసారి పరకాయించి చూస్తే చాలు. అయినా అప్‌లోడ్ చేశాను.

జూలై 16

ఎవరూ చూడలేదు.

ఆగస్టు 15

జెండా దగ్గర నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. కాలనీ మొదట్లో పెద్ద బోర్డు కూడా పెట్టారు, వాన నీరు వీధి దాటని కాలనీ అని. చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మంది ఆ పలక పట్టుకున్నవాళ్లే. అమ్మ ఫ్రేము కట్టించమంది. బీరువాలో చీరల కింద దాచాను.

సెప్టెంబరు 9

కాలనీ నుంచి పల్లపు వీధి పక్కగా వాగు దాకా వరద కాలువ కట్టాలని ఎప్పటి నుంచో ఫైలు నడుస్తోంది. ఈరోజు తిరిగొచ్చింది. ఎగువ కాలనీలో నలభై ఒక్క ఇంకుడు గుంతలు పనిచేస్తున్నందున కాలువ అవసరం లేదని నోట్. వెనక నా ఫొటోలు జతచేసి ఉన్నాయి.

పల్లపు వీధిలో మొదటి ఇల్లు రబియక్కది. నా జాకెట్లన్నీ ఆమే కుడుతుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే సిమెంటు పోశారు. ఇప్పుడు ఆమె ఇంట్లోకి మూడు మెట్లు దిగాలి. లోపల మంచం మీద అత్త, పక్షవాతం వచ్చి నాలుగేళ్లు. ఆ కాలువ వాళ్ల కోసమే. దాన్ని కొట్టేసింది నేను.

సీట్లో దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

సెప్టెంబరు 10

ఏఈ గారి గది గుమ్మం దాకా మూడుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏం జరుగుతుందో రాయడానికి కూడా భయం.

అక్టోబరు 26

తుఫాను. ఎల్లుండి అతి భారీ వర్షం అని మెసేజ్.

అక్టోబరు 27

రబియక్క ఇంటికెళ్లాను. స్కూల్లో పునరావాస కేంద్రం తెరిచాం, అత్తను తీసుకొని వచ్చేయ్ అన్నాను. ఆమె నవ్వింది. పైన నలభై ఒక్క గుంతలు తవ్విస్తివి గదమ్మా, బోర్డు కూడా పెట్టారు, నీ పుణ్యాన ఈ ఏడు మాకేం భయం లేదంది. కదిలిస్తే ముసలామె నొప్పికి అల్లాడిపోద్ది, చానా కష్టమంది. టీ ఇచ్చింది.

తాగాను. చెప్పకుండానే వచ్చేశాను. నాకంటే పిరికిది ఈ ఊళ్లో లేదు.

అక్టోబరు 28, ఉదయం 11

తెల్లారినప్పటి నుంచీ ఒకటే వాన. బ్రహ్మయ్య గారి గుంత నిండి పొర్లుతోంది. మిగతా నలభై వాకిళ్ల నీళ్లు రోడ్డెక్కాయి. రోడ్డు మీది నీళ్లన్నీ కిందికే పోతున్నాయి. వెళ్తున్నాను.

అక్టోబరు 28, సాయంత్రం 5

స్కూలు వరండాలో కూర్చొని రాస్తున్నాను.

నేను వెళ్లేసరికి రోడ్డు మీది నీళ్లు మెట్ల మీంచి గడప దాకా దిగాయి. రబియక్క గోనెసంచుల్లో గుడ్డపేలికలు కుక్కి గడపకు అడ్డం పెడుతోంది. కాసేపట్లో తగ్గిపోద్దిలే, పైన గుంతలు లాగేస్తాయి అంటోంది. అప్పుడు చెప్పాను. గుంతలు లేవక్కా, ఒక్కటే ఉంది, మిగతావన్నీ దాని దగ్గరే తీసిన ఫొటోలు, తీసింది నేను అన్నాను. నా వంక చూసింది. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె లోపలికెళ్లి మంచం కోడు పట్టుకుంది.

ఇద్దరం ఎత్తలేకపోయాం. బ్రహ్మయ్య గారికి ఫోన్ చేశాను. వస్తారని నమ్మకం లేదు. వచ్చారు, పంచె ఎగ్గట్టి, తడిసి ముద్దై. నేరుగా మంచం తలవైపు పట్టారు. గడప దాటేటప్పుడు మోకాళ్ల దాకా ఉన్న నీళ్లు మెట్లెక్కేలోపే తొడల దాకా వచ్చాయి. ముసలామె నొప్పికి అరుస్తూనే ఉంది. ఆ అరుపు ఆగితే ఏమైందోనని నాకు అంతకన్నా భయం.

రోడ్డెక్కి నాలుగడుగులు వేశామో లేదో వెనక గోడ కూలింది. మట్టితో కట్టిన గోడ. మంచం ఉన్నచోటే పడింది. కుట్టుమిషన్ దాని కిందే ఉంది.

అక్టోబరు 29, ఉదయం

రాసిచ్చాను. ఉన్నది ఒక్క గుంత, నలభై అబద్ధం, కాలువ తప్పనిసరి అని. ఏఈ గారు చదివి, ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ, వాన తగ్గాక చూద్దాం అన్నారు. కాపీ మీద అందినట్టు స్టాంపు వేసేదాకా నేను కదల్లేదు. బయటికొచ్చి నేరుగా స్కూలుకు నడిచాను.

అక్టోబరు 29, మధ్యాహ్నం 3

మళ్లీ మబ్బు కమ్ముతోంది. నిన్నటి నుంచి నాతో మాట్లాడని రబియక్క, అత్తను లోపల పడుకోబెట్టి, స్కూలు వరండాలో నా ఎదుటికొచ్చి నిలబడింది. ఇట్టాంటి ఫొటోలు ఇంకా యాడన్నా తీశావా అని అడిగింది.

డైరీలో కూడా రాయలేదు ఇన్నాళ్లూ. ఇంకో రెండు వీధులకి అన్నాను.

చెప్పులేసుకో, వాన దిగకముందే ఆ కిందోళ్లకు చెప్పాల, పోదాం పద అంది.