నవ్వుతూ చదివిన హెచ్చరిక

మార్చి 4, మంగళవారం
ఉద్యోగం దొరికింది! మోకాళ్ల నొప్పుల మాత్రకి టీవీ ప్రకటన. తెర మీద ఓ జంట హాయిగా పడవ నడుపుతుంటే, ఆ మాత్ర వల్ల రాగల అనర్థాలన్నీ చదివే గొంతు నాది. ముప్పై రెండు సెకన్లు. నాటకాల్లో డిగ్రీ చేసింది ఇందుకేనేమో. దర్శకుడు కర్ట్ "కడుపులో రక్తస్రావం" దగ్గర కూడా నవ్వమన్నాడు. చట్టం చదవమంది గానీ ఏడవమనలేదుగా అని అతని వాదన. నవ్వాను. బాగానే వచ్చింది, దాచడమెందుకు.

ఏప్రిల్ 11
షికాగో నుంచి రైల్లో మిల్వాకీ. అమ్మమ్మ ఇంట్లో శుక్రవారం చేపల వేపుడు, పేకాట. వార్తల మధ్యలో ప్రకటన రాగానే అమ్మమ్మ ముక్కలు బోర్లించి, నోళ్లు మూయండే, మా పిల్ల మాట్లాడుతోంది అంది. పేకాటకొచ్చే అమ్మమ్మ నేస్తం డొలోరెస్ నర్సుగా చేసి రిటైరైంది. డాక్టరు రాసివ్వాల్సిన మందుని సబ్బులా టీవీలో అమ్మడమేమిటే, చాలా దేశాల్లో ఒప్పుకోరు తెలుసా అని సణిగింది. టీవీ చెప్పకపోతే నాకెవడు చెప్తాడే, నువ్వా, ముక్కలు దాచుకునేదానివి అంది అమ్మమ్మ. ఇద్దరిదీ నిజమేననిపించింది. ఇంకో చేప ముక్క వేసుకున్నాను.

ఏప్రిల్ 13
అమ్మమ్మ ఫోన్. బుధవారం డాక్టరు దగ్గరికెళ్లి నా మాత్రే రాయించుకుంటుందట. నువ్వు చెప్పాక ఇంకేం భయమే అంది.

అదే రోజు, సాయంత్రం 4
అమ్మమ్మకి ఒకటే కిడ్నీ. రెండోది ఏనాడో తన తమ్ముడికిచ్చింది. కిడ్నీ సమస్య ఉంటే ఈ మాత్ర ప్రమాదమని నేనే చదివాను కదా! మళ్లీ ఫోన్ చేశాను. ప్రకటన ఇరవైసార్లు విందట. కిడ్నీ మాటేదీ లేదే అంది. నా గొంతు వింది. మాటలు వినలేదు.

ఏప్రిల్ 14
పొద్దున్నే రైలెక్కాను. ప్రకటనలో నేను చదివిన హెచ్చరికల కాగితాన్ని అమ్మమ్మ వంటింట్లో మళ్లీ చదివాను, నవ్వకుండా. ప్రతి వాక్యానికీ ఆపి, అంటే ఏమిటే అంది. తొమ్మిది నిమిషాలు పట్టింది. కిడ్నీ దగ్గర ఆమె చెయ్యి నడుం మీదికి పోయింది. తర్వాత, మరి టీవీలో చావింట్లో కేకు పంచినట్టు చదివావేమే దొంగమొహమా అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. నాకు కళ్లనీళ్లు కూడా వచ్చాయి.

ఏప్రిల్ 16
అమ్మమ్మ మాత్ర రాయించుకోలేదు. డాక్టరు ముందు ఆ కాగితం బల్ల మీద పరిచి ఒక్కో లైనూ అడిగిందట. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడట. ఈతకొలనులో వ్యాయామం రాశాడు. నీలం రంగు ఈత టోపీ కొనుక్కుంది. ఆ టోపీతోనే ఫోటో పంపింది. రాణిలా ఉంది.

ఏప్రిల్ 29
నిద్రమాత్ర ప్రకటన. ఎదురుగా అమ్మమ్మ కూర్చున్నట్టు చదివాను. కర్ట్ కట్ అనలేదు. హెడ్‌ఫోన్స్ తీసి, వాళ్లమ్మకి ఫోన్ చేసొస్తానని బయటికెళ్లాడు.