తడి ఓటు

ఆగస్టు 6, సోమవారం

నెవ్ ఈరోజు స్టఫ్డ్ అన్నాడు, ఒళ్లు హూనమైందని. అంటే బాగానే ఉన్నాడు.

ముప్పయ్యెనిమిదేళ్ల కాపురంలో నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే. స్టఫ్డ్ అన్నాడంటే రెండు ప్లేట్ల మటన్ తిని, ఇంకా ఉందా అని అడుగుతాడు. నాకర్డ్ అన్నాడంటే బీరు కావాలి. మా చిన్నాన్న నాకరీ లారీ తోలేవాడు, పనికిరాని ముసలి గుర్రాలను కోతకు తీసుకుపోయే లారీ. ఆ మాట అక్కణ్ణుంచే వచ్చిందని ఇక్కడ అందరికీ తెలుసు. అయినా నవ్వుతూనే అంటారు. బగర్డ్ అంటే చెడిపోయింది నడుము కావచ్చు, కారు గేరుబాక్సు కావచ్చు, ప్రభుత్వం కావచ్చు. మాట ఎంత మోటైతే మనిషి అంత క్షేమం. మొరిగే కుక్క కరవదు.

ఈ గొర్రెల షెడ్డులో పన్నెండు రోజుల పని. ఉన్ని కత్తిరించేవాళ్లు ఆరుగురు, సర్దేవాళ్లు ముగ్గురు, వంటకు నేను. నెవ్ పదిహేడేళ్లప్పుడు మొట్టమొదటి గొర్రెను పట్టింది ఇక్కడే. ఇప్పుడతనికి అరవై ఒకటి. ఆఖరి గొర్రెను కూడా ఇక్కడే కత్తిరించి మిషను దించేస్తానని పోయిన క్రిస్మస్‌కి చెప్పాడు. మావాళ్లలో ఒక పద్ధతుంది. పెద్దవాడెవరైనా ఇదే నా ఆఖరిదని గొర్రెను లాగితే, మిగతావాళ్లు మిషన్లు ఆపేసి నిలబడి చూస్తారు. చప్పట్లేమీ ఉండవు. ఊరికే చూస్తారు. నెవ్ ఆ ఒక్క నిమిషం కోసం ఈ ఏడాదంతా ఒళ్లు ఈడ్చుకొస్తున్నాడు.

ఆగస్టు 7

బ్రెడ్డు పొంగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అంటే నిజంగానే బాగాలేదు.

ఆగస్టు 9, గురువారం

సాయంత్రం గంట కొట్టాక అందరూ కుళాయి దగ్గర మెడలు కడుక్కుంటున్నారు. నెవ్ మాత్రం మెట్టు మీద కూర్చుని బూట్ల తాడు విప్పుకుంటున్నాడు. చాలాసేపు విప్పుకున్నాడు. నేనే వంగి విప్పాను. ఎలా ఉందని అడిగాను.

టయర్డ్‌గా ఉంది గ్లెన్, అన్నాడు.

అంతే. తిట్టు లేదు, నవ్వు లేదు. బడి నుంచి వచ్చిన పిల్లలు అనే మాట అది. నెవ్ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. వాళ్ల నాన్న కూడా ఇదే పని చేసి పోయాడు. చనిపోయే ముందు వారం ఆయన టీ కప్పు పట్టుకుని సరిగ్గా ఇలాగే అన్నాడట. అయితే కాసేపు పడుకోండి అన్నానమ్మా, అంతకన్నా ఏమీ చెయ్యలేదు అని మా అత్తగారు శవం పక్కన కూర్చుని నాతో చెప్పింది. ఆమె ముఖం నాకింకా గుర్తుంది.

నాకు భయంగా ఉంది.

ఆగస్టు 10, శుక్రవారం

బ్రోడీ వంటగదిలోకి వచ్చాడు. కాంట్రాక్టు ఇప్పుడు అతనిదే, వాళ్ల నాన్న పోయాక. టీలోకి చేసిన స్కోన్ల కోసం వచ్చినట్టు వచ్చి, స్కోను తినకుండా చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. గ్లెన్ ఆంటీ, రోజుకు నూట నలభై గొర్రెలు తీసే మనిషి తొంభై దగ్గర ఆగిపోతున్నాడు, ఏమైనా ఉందా అని అడిగాడు. మామూలుగానైతే, నీ పని నువ్వు చూసుకోరా అనేదాన్ని. ఈరోజు చెప్పేశాను. టయర్డ్ అన్నాడురా అన్నాను.

బ్రోడీ ముఖం పాలిపోయింది. వాడికీ తెలుసు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. నాకు మిషను పట్టడం నేర్పిందే ఆయన ఆంటీ, నేను వెళ్లి ఇక చాల్లే నెవ్ అంటే మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి తంతాడు అన్నాడు. పంపెయ్యమని అడగట్లేదు అన్నాను. శని, ఆదివారాలకు ఇంకో రోజు కలిపితే మూడు రోజులు పడుకుంటాడు. అతని పరువు పోకుండా ఒక్క రోజు ఇప్పించు, అంతే.

వాడు కిటికీలోంచి ఆకాశం చూశాడు. సోమవారం పొద్దున పొగమంచు ఉంటుందంటున్నారు, గొర్రెలు తడిశాయేమోనని తడి ఓటు పెడదాం, మిగతావాళ్లతో నేను మాట్లాడతాను అన్నాడు.

వాడి చేతులు పట్టుకున్నాను. ఎంత మంచి పిల్లాడో అనుకున్నాను.

ఆగస్టు 12, ఆదివారం

నిన్నంతా పడుకున్నాడు. ఇవాళా పడుకున్నాడు. ప్లేటులో సగం వదిలేశాడు. నేను చేసింది మంచిపనే.

ఆగస్టు 13, సోమవారం, పొద్దున 9

తడిసిన గొర్రెను కత్తిరిస్తే మనిషికి కీళ్లు పట్టేస్తాయి, ఉన్ని బేలులో కుళ్లిపోతుంది. అందుకే అనుమానం వస్తే ఓటు. ఒక్కొక్కరు రెండు గొర్రెల్ని కత్తిరించి, చీటీ మీద తడి అనో పొడి అనో రాసి టోపీలో వేస్తారు. ఎక్కువ చీటీలు తడి అంటే ఆ రోజు పని ఉండదు, కూలీ ఉండదు. ఎవరేం రాశారో ఎవరూ అడగరు. విశ్రాంతి కోసం తడి అని రాసేవాడిని మాత్రం మావాళ్లు మనిషి కింద జమకట్టరు. ఉన్నిలోంచి నీళ్లు కారితే తప్ప నేనెప్పుడూ తడి రాయలేదని నెవ్ పెళ్లికి ముందే నాతో గొప్పలు పోయాడు.

మూడేళ్లుగా ఇక్కడ వానచుక్క లేదు. గొర్రె మీద చెయ్యి వేస్తే దుమ్ము లేస్తుంది. పొద్దున కాస్త మంచు కమ్మింది, ఏడింటికల్లా పోయింది. బ్రోడీ ఓటు పెట్టాడు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన తమాటీ, మా జట్టులో అందరికన్నా చురుకైన చెయ్యి వాడిదే, తన టోపీలోంచి చీటీలు తీసి చదివాడు. నేను టీ కెటిలుతో గుమ్మంలో నిలబడ్డాను.

తడి. తడి. తడి. పొడి. తడి. తడి.

నెవ్ మెల్లగా వెళ్లి, దొడ్లో ఒక గొర్రె పొట్ట కింద ఉన్నిలోకి మణికట్టు దాకా చెయ్యి పెట్టాడు. తీసి ప్యాంటుకు రాసుకున్నాడు. ప్యాంటు మీద దుమ్ము చార పడింది. తర్వాత ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఒక్కడూ తలెత్తలేదు. తమాటీ ఖాళీ టోపీలోకి చూస్తూ నిలబడ్డాడు. అయిదుగురూ ఒక రోజు కూలి వదులుకున్నారు, తమ మాట మీద మచ్చ వేసుకున్నారు, అదంతా అతని కోసం.

సరే అబ్బాయిలూ, మీరు తడంటే తడే, అన్నాడు నెవ్. బయటికి నడిచాడు.

వాళ్ల మంచితనానికి దండం పెట్టాలనిపించింది. టీ పొయ్యకుండానే కెటిలుతో వంటగదిలోకి వచ్చేశాను.

అదే రోజు, మధ్యాహ్నం 3

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. టీ తాగుతావా అని అడిగాను. నువ్వు చెప్పావా, అన్నాడు.

లేదన్నాను. నాకు అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని తెలియదు.

ఆగస్టు 14, మంగళవారం

ఇంటికి వచ్చేశాం.

పొద్దున పనిలోకి దిగాడు. మొదటి రెండు గంటలు అందరితో సమానంగా కత్తిరించాడు, నేను గుమ్మంలోంచి చూశాను. స్మోకో విరామానికి గంట కొట్టాక అందరూ టీకి కూర్చోగానే, మిషను ఊడదీసి తువ్వాలులో చుట్టాడు. నడుముకు ఊతంగా దూలానికి కట్టుకున్న స్ప్రింగు బెల్టు కూడా దింపేశాడు. బ్రోడీ పరుగెత్తుకొచ్చాడు. ఇంకో ఆరు రోజులే కదా నెవ్, నీ ఆఖరి గొర్రె సంగతేంటి అని బతిమాలాడు. నా ఆఖరి గొర్రె నిన్ననే అయిపోయిందిరా, పాపం తడిసిపోయింది, అన్నాడు. బ్రోడీ ఏడ్చాడు. ముప్పై నాలుగేళ్ల మగాడు. నెవ్ వాడి భుజం తట్టి, ఏడిస్తే ఉన్ని తడుస్తుంది పోరా అన్నాడు.

అందరూ కారు చుట్టూ చేరారు. గంట కొట్టింది, పనిలోకి పొండి అని నెవ్ తరిమాడు. వెళ్లారు. మిషన్లు మొదలయ్యాకే కారు తీశాడు. ఆ రొదలో మేం వెళ్లడం ఎవరికీ వినపడి ఉండదు. పొయ్యి మీద ఉడుకుతున్న కూరను సర్దేవాళ్లకు అప్పజెప్పి వచ్చాను, మాడిందో ఏమో.

రెండు గంటల ప్రయాణం తర్వాత ఉండబట్టలేక చెప్పేశాను. నేనే చెప్పాను, నువ్వు టయర్డ్ అన్నావు, నాకు భయమేసింది, మీ నాన్న గుర్తొచ్చాడు.

నేనా, ఎప్పుడు, అన్నాడు.

గురువారం, మెట్టు మీద.

గుర్తులేదు, అన్నాడు. ఇంకో పది మైళ్లు పోయాక మళ్లీ అన్నాడు. అలసిపోయి ఉంటాను గ్లెన్, అలసిపోతే అలసిపోయానంటాం కదా.

ఆగస్టు 22

డాక్టరమ్మ చిన్నపిల్ల, కొత్తగా వచ్చింది. గుండె పరీక్ష చేసింది, రక్తం తీసింది, వెన్ను ఫొటోలు తీయించింది. గుండె ఇరవై ఏళ్లవాడిలా కొట్టుకుంటోందట. వెన్ను మాత్రం వేర్ అండ్ టేర్ అంది. మోకాళ్లూ అంతే. అరిగిన టైరును చూపించినట్టు ఆ ఫొటోను వెలుగులో పట్టుకుని చూపించింది. నెవ్ చేతులు కట్టుకుని మర్యాదగా విన్నాడు.

ఒకవేళ ఇంకో ఆరు రోజులు పని చేసి ఉంటే ఏమయ్యేది, అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆమె నవ్వింది. నలభై నాలుగేళ్లు చేశారు కదా, ఇంకో ఆరు రోజులు చేస్తే కొత్తగా అయ్యేదేముంది అంది.

నెవ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. నా వైపు చూసి ఉంటే బాగుండేది.

ముప్పయ్యెనిమిదేళ్ల విద్య. మనిషి నోటి నుంచి మొదటిసారి మామూలు మాట వస్తే దాన్ని మామూలుగా వినడం నాకు చేతకాలేదు. అతను నలభై నాలుగేళ్లు ఎదురుచూసిన నిమిషాన్ని నేను నా చేత్తో నలిపేశాను. అదీ ప్రేమతో. ఎవరికి చెప్పుకోను.

ఆగస్టు 30

తిట్టు నెవ్, అన్నాను. దేనికి, అన్నాడు.

సెప్టెంబర్ 3

తమాటీ ఫోన్ చేశాడు. షెడ్డు పని ముగిసిందట. ఆఖరి రోజు నెవ్ నిలబడి కత్తిరించే స్టాండు ఖాళీగా ఉంచి, మిషన్లు ఆపి, కాసేపు అటే చూస్తూ నిలబడ్డారట. నెవ్‌తో చెప్పు అన్నాడు. చెప్పలేదు. దాన్ని కూడా నేనే చెడగొడతానేమోనని భయం.

సెప్టెంబర్ 11

కంచె బాగుచేసి లోపలికి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. ఎలా ఉన్నావని అడిగాను.

బాగున్నాను, థాంక్స్, నువ్వెలా ఉన్నావు, అన్నాడు.

ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. బ్యాంకులో అమ్మాయిని అడిగినట్టు అడిగాడు. జవాబు కోసం మర్యాదగా ఆగాడు కూడా.

బాగున్నానని చెప్పాను.