రెబెకా లేని సెమీఫైనల్

శుక్రవారం రాత్రి, బారిడీహ్

రేపు మా కాలేజీకి రాంచీ జట్టుతో బాస్కెట్‌బాల్ సెమీఫైనల్. మా జట్టులో బాగా పొడుగున్న అమ్మాయి రెబెకా ఒక్కతే. ఆమె లేకుండానే ఆడాలి. అందుకు కారణం నేనే.

పొద్దున ప్రాక్టీసులో రీబౌండ్ కోసం ఎగిరి దిగినప్పుడు ఆమె మోకాలు మెలితిరిగింది. బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి చూస్తే బాగా వాచిపోయి ఉంది.

"సార్‌కి సెప్పకే సుజాతా. కట్టు కట్టుకుని ఆడేత్తాను. ఇదే మనకి ఆకరి ఏడాది," అంది.

సరేనన్నాను. కానీ గోడ పట్టుకుని ఆమె మెట్లు దిగడం చూశాక ఉండబట్టలేక కోచ్ సార్‌కి చెప్పేశాను. డాక్టరు చూసి, ఈ మోకాలితో ఆడితే మళ్లీ ఎప్పటికీ ఆడలేకపోవచ్చన్నారు. రెబెకా నాతో మాట్లాడకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం వాళ్ల నాన్న బండి వెనక కూర్చుని మా ఇంటికి వచ్చింది.

"ఏటమ్మా, ఈ కాలితో ఎందుకొచ్చినావు?" అంది అమ్మ.

రెబెకా నా వైపు చూడలేదు. "రాంచీ వాళ్ల సెంటర్ పిల్ల బంతి అందుకోగానే ఎడమకే తిరుగుతాది. నా బదులు ఆడే దీప పొట్టిదే గాని, దాన్ని అటేపే నిలబెట్టు. ఎగరొద్దని సెప్పు, ఎగిరిందంటే ఫౌల్ హో జాయేగా," అంది.

వెళ్తుంటే అడిగాను, రేపు వస్తావా అని.

"వత్తాను. మాటాడమని మాత్రం అడక్కు."

రేపు గెలిస్తే ఫైనల్ కూడా ఆమె బెంచీ మీద కూర్చునే చూడాలి. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.